పేరులో ఏముందంటే, ముప్ఫై సెంట్లుంది

2.20.

ఇది ఎంత భూమి? కొత్తపేటలో ఉండే మా బాబాయికి ఫోన్ చేసి అడిగాను. "రెండెకరాల ఇరవై సెంట్లు. ఇది కూడా తెలీదేంట్రా? ఏం చదివేవురా నువ్వు?" అన్నాడు. ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే జగిత్యాల కుర్రాణ్ణి అడిగాను. "రెండెకరాల ఇరవై గుంటలు. అంటే రెండున్నర ఎకరాలు గదన్నా" అన్నాడు.

ఇద్దరూ కరెక్టే. మా వైపు ఎకరానికి వంద సెంట్లు. తెలంగాణలో ఎకరానికి నలభై గుంటలు. గుంటంటే 121 చదరపు గజాలు, అంటే రెండున్నర సెంట్లు. రాసిన అంకె ఒకటే, తేడా మాత్రం ముప్ఫై సెంట్లు. మా కోనసీమ లెక్కలో చెప్పాలంటే దాదాపు ఇరవై కొబ్బరి చెట్లు.

ఈ ప్రశ్న నాకెందుకొచ్చిందంటే, రెండు రాష్ట్రాల రైతులకి పంట రుణం లెక్కగట్టే ఒక ప్రోగ్రాంని బాగుచేసే పని నా నెత్తిన పడింది. అందులో భూమి విస్తీర్ణం దాచిన వేరియబుల్ పేరు 'వాల్2'. పంట రుణం ఎకరానికి ఇంత అని ఇస్తారు కాబట్టి 'వాల్2'ని ఆ రేటుతో గుణించి మొత్తం తేలుస్తున్నారు. చాలాసేపు నాకూ ఏమీ తేడాగా అనిపించలేదు. కొన్ని ఊళ్ళ లెక్కల్లో దశాంశం తర్వాత 39 దాటిన అంకె ఒక్కటంటే ఒక్కటి లేదని చూశాక గుండె జారింది. అవి సెంట్లు కావు, గుంటలు. రెండున్నర ఎకరాల రైతుకి రెండెకరాల ఇరవై సెంట్లకే రుణం లెక్క కడుతున్నాం.

ఇందులో అబద్ధం చెప్పినవాడు లేడు, గుణకారం తప్పు చేసినవాడూ లేడు. సరైన పేరు పెట్టినవాడే లేడు.

నేను 'వాల్2'ని తీసేసి 'విస్తీర్ణం ఎకరాల్లో' అని ఒకటి, 'మిగులు గుంటల్లో' అని ఒకటి పెట్టాను. సెంట్లలో వచ్చేదానికి ఇంకోటి. రివ్యూలో మా సీనియర్ ఒక్క ముక్క రాశాడు: "లెక్క సరిచేశావు, బావుంది. పేర్లన్నీ ఎందుకు మార్చావ్? పేరులో ఏముంది?"

ఆ ఒక్క ముక్కకి జవాబే ఈ వ్యాసం.

నేను కోనసీమవాణ్ణి. పేరులో ఏముంది అని మా వైపు ఎవరూ అడగలేరు. 2022 ఏప్రిల్ 4న అమలాపురం ముఖ్యపట్టణంగా మాకు జిల్లా వచ్చింది. దానికి అంబేడ్కర్ పేరు చేరుస్తామంటే మే 24న అదే అమలాపురంలో ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. చివరికి పేరు నిలబడింది. ఆ రోజు తగలబెట్టినవాళ్ళకీ తెలుసు, ఆ పేరు కోసం నిలబడ్డవాళ్ళకీ తెలుసు, పేరంటే ఎవరు లెక్కలోకి వస్తారో చెప్పే మాట అని. తెలియనిది మా సీనియర్‌కే.

ప్రోగ్రామింగ్ తెలియనివాళ్ళ కోసం ఒక మాట. వేరియబుల్ అంటే డబ్బా, దాని పేరు డబ్బా మీద చీటీ. మనందరి ఇళ్ళల్లో హార్లిక్స్ సీసాలో ధనియాల పొడి ఉంటుంది, బూస్టు సీసాలో కారం ఉంటుంది. అమ్మ వంటింట్లో ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. ఆవిడ పది రోజులు ఊరెళితే తెలుస్తుంది. కోడ్ రాసినవాడు కూడా ఏదో ఒకరోజు ఊరెళ్ళిపోతాడు. మా కోడ్ రాసినవాడు ఉద్యోగం మారి ఎటో వెళ్ళిపోయాడు. మిగిలిన మేం సీసాలన్నీ మూత తీసి వాసన చూస్తున్నాం.

"పనిచేస్తోందిగా" అనేది ఈ వృత్తిలో అతి పెద్ద బుకాయింపు. 'వాల్2' కూడా పనిచేసింది. ఎర్రర్ ఇవ్వలేదు, ఆగిపోలేదు. యంత్రానికి పేర్లతో పనిలేదు, నిజమే. కంపైలర్‌కి 'వాల్2' అయినా 'విస్తీర్ణం' అయినా ఒకటే. అందుకే పేరు యంత్రం కోసం కాదు, మనిషి కోసం. ఆ మనిషికి ఉపయోగపడలేదంటే పేరు పనిచెయ్యనట్టే.

ఇది మన దగ్గరే జరిగే చోద్యమేం కాదు. 1999 సెప్టెంబరులో నాసా వాళ్ళ మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గరికి చేరగానే పోయింది. ఒక ప్రోగ్రాం పౌండ్ల లెక్కలో ఇచ్చిన బలాన్ని ఇంకో ప్రోగ్రాం న్యూటన్ల లెక్కలో తీసుకుంది. అక్కడ పౌండ్లూ న్యూటన్లూ, ఇక్కడ సెంట్లూ గుంటలూ. వాళ్ళది పేపర్లో పడింది. మన రైతుది పడదు.

పేరు ఎలా పెట్టాలో నేర్చుకోవడానికి కాలిఫోర్నియా పుస్తకాలు అక్కర్లేదు. గోదారి గట్టున నిలబడితే చాలు. వరదొచ్చినప్పుడు మా లంకల్లో ఎవరూ "నీళ్ళు 13.75 అడుగులకొచ్చాయి" అనుకుని కంగారుపడరు. "ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారంట" అంటారు. ఆ మాట వినగానే గొడ్లని మెరక మీదికి తోలడం, సామాన్లు అటక ఎక్కించడం మొదలవుతుంది. 11.75 మొదటి హెచ్చరిక, 13.75 రెండోది, 17.75 మూడోది. భద్రాచలం దగ్గర ఇవే హెచ్చరికలు 43, 48, 53 అడుగులకి ఇస్తారు. అంకె ఒక్కటే చెప్తే ఏ ఊరిదో తెలీదు, ఏం చెయ్యాలో అసలే తెలీదు. ధవళేశ్వరం, రెండోది, హెచ్చరిక. ఈ మూడు మాటల్లో చోటు ఉంది, తీవ్రత ఉంది, పని ఉంది.

ఇప్పుడు అదే విషయం కోడ్‌లో చూడండి: 'ఎల్' విలువ 13.75 దాటితే 'ఫ్లాగ్'ని ఒకటి చెయ్యి. ఏ ఎల్? ఎక్కడి 13.75? ఏ జెండా? నాలుగేళ్ళ తర్వాత ఈ వరస చూసేవాడికి గోదారీ కనపడదు, లంకా కనపడదు. ఊళ్ళో బడి మానేసిన ముసలాయనకి ఉన్న భాషా జ్ఞానం ఇంజనీరింగ్ చదివిన మన దగ్గర ఏమైపోయింది?

ఫంక్షన్ల సంగతి ఇంకా ఘోరం. ఫంక్షన్ అంటే పని, దాని పేరు క్రియాపదం కావాలి. మనం రాసేవి 'ప్రాసెస్', 'హ్యాండిల్', 'చెక్'. ఏం ప్రాసెస్ చేస్తుంది? దేన్ని చెక్ చేస్తుంది, చేసి ఏం చెప్తుంది? 'లంకలు ఖాళీ చేయించాలా' అని పేరుంటే అవునో కాదో జవాబొస్తుందని చూడగానే తెలుస్తుంది. అసలు ఏమీ చెప్పని పేరు కన్నా అబద్ధం చెప్పే పేరు ప్రమాదం. 'బాకీ చూడు' అని పేరుంటుంది, లోపలికెళితే చూడటంతో ఆగకుండా వడ్డీ కూడా కలిపేస్తుంటుంది. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు. కస్తూరివారి ఇల్లే కదా అని నమ్మి లోపలికెళ్ళినవాడిదా తప్పు?

పేరు మొదట నిజమే చెప్పి, తర్వాత అబద్ధంగా మారిపోవడం ఇంకో రకం. దీనికీ మా వైపే ఉదాహరణ ఉంది. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆ రోజు మా అమలాపురం, రాజోలు, కొత్తపేట తూర్పుగోదావరిలోంచి బయటికొచ్చేశాయి. ఆ జిల్లాకి ముఖ్యపట్టణంగా ఉన్న కాకినాడా బయటికొచ్చేసింది. గోదారికి పడమటి గట్టున ఉన్న కొవ్వూరు, నిడదవోలు మాత్రం తూర్పుగోదావరిలోకి వెళ్ళాయి! పేరు మాత్రం అలాగే ఉంది. 2011 జనాభా లెక్కల్లో తూర్పుగోదావరి అంటే 51 లక్షల పైచిలుకు జనం. కొత్త హద్దుల్లో అదే 2011 లెక్క తీస్తే 18 లక్షల పైచిలుకు. ఈ రెండింటినీ 'తూర్పుగోదావరి' అనే ఒకే పేరు కింద పెట్టి గ్రాఫ్ గీశారనుకోండి, 33 లక్షల మంది జనం రాత్రికి రాత్రి గోదాట్లో కొట్టుకుపోయినట్టు కనిపిస్తుంది. 'తూర్పుగోదావరి 2022కి ముందు' అని రెండు మాటలు చేరిస్తే వాళ్ళంతా బతుకుతారు. డబ్బాలో సరుకు మారినప్పుడు చీటీ మార్చడం చాదస్తం కాదు. మార్చకపోవడం మోసం.

సరే, పేరుకి అర్థం ఉండాలన్నది చాలామంది ఒప్పుకుంటారు. నా అసలు తగాదా ఆ తర్వాత మొదలవుతుంది. ఎవరి అర్థం?

'ఫస్ట్ నేమ్', 'లాస్ట్ నేమ్'. ప్రపంచమంతా వాడే వేరియబుల్ పేర్లు. చూడ్డానికి ఎంత స్పష్టంగా ఉన్నాయో! కానీ అవి చెప్పేది వరస, వస్తువు కాదు. వాళ్ళకి పెట్టిన పేరు ముందొస్తుంది కాబట్టి అది ఫస్ట్. మనకి ముందొచ్చేది ఇంటిపేరు. మరి ఫస్ట్ నేమ్ గళ్ళో ఏం రాయాలి? ముందున్నది రాస్తే ఇంటిపేరు పడుతుంది, వాళ్ళు అడిగింది రాస్తే మన పేరు తిరగబడుతుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ అనీ గివెన్ నేమ్ అనీ అడుగుతారు. ఆ పేర్లు వస్తువుని చెప్తాయి కాబట్టి తికమక తక్కువ. టికెట్ బుక్ చేసే దగ్గర మళ్ళీ ఫస్ట్, లాస్ట్. రాజోలు, మలికిపురం వైపు నుంచి కువైట్‌కో మస్కట్‌కో పనికెళ్ళే ఆడవాళ్ళు ఎంతోమంది. ఏజెంటు ఏ గళ్ళో ఏ ముక్క కొట్టాడో వాళ్ళకి తెలీదు. పాస్‌పోర్టులో పేరూ టికెట్ మీద పేరూ కలవకపోతే ఎయిర్‌పోర్టులో నిలబడి ఏడ్చేది ఆవిడ, 'ఫస్ట్ నేమ్' అని వేరియబుల్‌కి పేరు పెట్టినవాడు కాదు. పేరంతా సర్‌నేమ్ గళ్ళోనే పడిపోయి గివెన్ నేమ్ ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద 'ఎఫ్ఎన్‌యూ' అని కొడతారు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు అని. మనిషికి నిక్షేపంలాంటి పేరుంది. తెలియనిది ఫారానికి.

మన దగ్గర దీనికి ఎప్పట్నుంచో చక్కటి మాట ఉంది చూడండి. ఇంటిపేరు. ముందా వెనకా అన్న గొడవ లేదు. ఇంటిది, అంతే. వరసని బట్టి పెట్టిన పేరు వరస మారగానే పోతుంది. వస్తువుని బట్టి పెట్టిన పేరు ఎక్కడికెళ్ళినా నిలబడుతుంది.

ఇలాంటిదే ఇంకోటి. మన రెవెన్యూ భాషలో మాగాణి ఉంది, మెట్ట ఉంది. ఇంగ్లీషు కాగితాల్లో మాగాణిని 'వెట్ ల్యాండ్' అంటారు. కోడ్‌లో రెండు మాటలూ అతుక్కుపోతాయి, 'వెట్‌ల్యాండ్' అవుతుంది. ఇంగ్లీషులో ఆ మాటకి చిత్తడి నేల అని అర్థం, కొల్లేరు లాంటిది. బెంగళూరులోనో బోస్టన్‌లోనో కూర్చుని ఆ కోడ్ చదివేవాడికి అమలాపురం చుట్టూ ఉన్న వరిచేలన్నీ కొల్లేటిలా కనిపిస్తే తప్పు వాడిది కాదు. 'మాగాణి' అనే పెట్టి ఉంటే? వాడికి అర్థం కాదు, నిజమే. అర్థం కానివాడు అడుగుతాడు. అర్థమైందనుకున్నవాడు అడగడు. అందుకే అడంగల్‌ని అడంగల్ అనే అనాలంటాను. దాని సర్కారీ పేరు గ్రామ లెక్క నంబరు 3. అంకెలో ఏం తెలుస్తుంది? పట్టాదారుని పట్టాదారు అనే అనాలి, 'ఓనర్' అంటే కౌలు గొడవల్లో మునుగుతాం. ఎవరి వస్తువుకి పేరు పెడుతున్నామో వాళ్ళు ఆ వస్తువుని ఏమంటారో ముందు వాళ్ళని అడగాలి. ఇంగ్లీషు బాగా వచ్చినవాడు పేర్లు బాగా పెడతాడన్నది ఒట్టి భ్రమ. వస్తువు తెలిసినవాడు పెడతాడు.

అయితే తెలుగు లిపిలోనే పేర్లు పెట్టొచ్చా అని అడుగుతారు. పైథాన్ 3 పెట్టనిస్తుంది. 'మాగాణి' అని రాస్తే హాయిగా నడుస్తుంది. 'సాఫ్ట్‌వేర్' అని రాస్తే మాత్రం ఒప్పుకోదు, ఎందుకంటే అందులో ట-వత్తు, వ-వత్తు కలిసిపోకుండా ఆపడానికి మనం పెట్టే కనిపించని అక్షరం దానికి పడదు. గో భాషకైతే గుణింతాలే పనికిరావు, అది వాటిని అక్షరాలుగా లెక్కపెట్టదు. 'కల' రాయనిస్తుంది, 'కాలువ' రాయనివ్వదు. మన భాషలో సగం కొమ్ములూ దీర్ఘాలే కదా! కాబట్టి లిపి దగ్గర నాకు పట్టుదల లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో 'మాగాణి' అని రాసుకున్నా చాలు. మాట పోకూడదు.

ఇక ఎదుటివాళ్ళ వాదనలు. కొన్నింటిలో న్యాయం ఉంది, దాటెయ్యను.

మొదటిది, పొట్టి పేర్లు మన సంప్రదాయం అంటారు. అవును, తొలినాటి ఫోర్ట్రాన్‌లో పేరుకి ఆరు అక్షరాలకి మించి చోటు లేదు. పాత సీ ప్రమాణం కూడా బయటి పేర్లకి ఆరక్షరాలకే హామీ ఇచ్చింది. అది టెలిగ్రాం భాష. మాటకింత అని డబ్బులు కట్టాలి కాబట్టి "ఫాదర్ సీరియస్ స్టార్ట్" అని కొట్టేవాళ్ళు. మన దేశంలో టెలిగ్రాములు 2013 జులైలో ఆగిపోయాయి. మన కోడ్‌లో మాత్రం ఇంకా కొడుతూనే ఉన్నారు, ఎవరికి డబ్బులు మిగుల్చుతున్నారో.

రెండోది, పేర్లు పొడుగైతే చదవలేం అంటారు. ఒప్పుకుంటాను. జావా వాళ్ళ స్ప్రింగ్‌లో 'అబ్‌స్ట్రాక్ట్ సింగిల్‌టన్ ప్రాక్సీ ఫ్యాక్టరీ బీన్' అనే పేరు నిజంగానే ఉంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. నేనడిగేది పొడుగు కాదు, సరిపోయేంత. ఇంట్లో 'బుజ్జీ' అంటే చాలు, ఇంట్లో ఒక్క బుజ్జే ఉంటుంది. వీధిలోకొస్తే ఫలానావారి బుజ్జి. అమలాపురం బ్యాంకుకెళితే ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ కావాలి. మూడు వరసల లూపులో 'ఐ' అని రాస్తే నేనేమీ అనను, అది ఇంట్లో బుజ్జి. ఆ 'ఐ' ఇరవై ఫైళ్ళు దాటి ఊరేగితేనే నా గొడవ.

మూడోది, కామెంట్ రాస్తే పోలా? పోదు. కామెంట్ రాసిన చోటే ఉండిపోతుంది, పేరు వస్తువుతో పాటు ప్రతి చోటికీ వెళుతుంది. కామెంట్ గట్టు మీద పాతిన బోర్డు. వరదకి కొట్టుకుపోతుంది, లేదా అక్కడే ఉండి పాత దారి చూపిస్తుంది.

నాలుగోది కొత్తగా వచ్చింది. ఇప్పుడు కోడ్ ఏఐ రాస్తోంది, ఏఐ చదువుతోంది, మనకెందుకీ పేర్లు? ఈ వాదన తిరగబడి వాళ్ళకే తగులుతుంది. కంపైలర్ పేర్లని పట్టించుకోదు గానీ ఈ కొత్త యంత్రాలు మనిషి రాతలో మాటల్ని పట్టుకునే అర్థాన్ని ఊహిస్తాయి. 'వాల్2' ఇస్తే అదీ మనలాగే ఊహించాలి. 'వెట్‌ల్యాండ్' ఇస్తే ఎంతో ధీమాగా కొల్లేరు గురించి చెప్తుంది. పేరు తప్పుంటే ఇప్పుడు ఇద్దరు తప్పుతారు.

చివరగా మనలో మాట. ఈ పత్రిక చదివేవాళ్ళలో సగం మందిమి సాఫ్ట్‌వేర్ వాళ్ళమే. కథకి శీర్షిక కుదరలేదని వారం రోజులు తన్నుకుంటాం. అనువాదంలో ఒక్క మాట పక్కకి జరిగితే కామెంట్లలో యుద్ధాలు చేస్తాం. అవే చేతులతో పొద్దున్నుంచి సాయంత్రం దాకా 'టెంప్2', 'న్యూ ఫైనల్ లిస్ట్' అని రాస్తాం. భాష సాయంత్రం ఏడు తర్వాత మొదలయ్యే సరదా అనుకుంటున్నామా? మన కథ నచ్చకపోతే పాఠకుడు పేజీ మూసేస్తాడు. మన వేరియబుల్ నచ్చకపోయినా రైతు మూసుకోలేడు, ఆ లెక్కలో అతని భూమి ఉంది.

యానాం నుంచి గౌతమి దాటితే అవతల ఎదుర్లంక వస్తుంది. ఇప్పుడు బాలయోగి పేరిట వంతెన ఉంది. చిన్నప్పట్నుంచీ వింటున్న పేరే. ఈ మధ్యే ఆ మాట విప్పి చూసుకున్నాను. ఎదురు లంక. ఎవరికి ఎదురు? ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకి కాదు. వాళ్ళకది ఊరు, కాళ్ళ కింద నేల. అది లంక అని వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు, నీళ్ళు రోజూ చెప్తూనే ఉంటాయి. ఎదురు అనేది అవతలి ఒడ్డున నిలబడి, ఎటు పోవాలా అని చూసే కొత్తవాడి మాట. అక్కడ ఉండేవాళ్ళు అవతలివాడి కళ్ళతో పెట్టిన పేరునే తమ ఊరికి ఉంచుకున్నారు.

మా సీనియర్‌కి రివ్యూలో ఇంత రాయలేదు. "జగిత్యాల కుర్రాణ్ణి అడగండి" అని రాశాను. అడిగాడట. పేర్లు అలాగే ఉంచమన్నాడు.